పాషాణం ఎక్కించుకున్న గంగాలమ్మ

గంగాలమ్మది జాలరిపేట. తెల్లారుతూనే ఒడ్డుకు చేరిన తెప్పల దగ్గర వేలంపాటలో చేపలు దక్కించుకునేది. తట్టలో ఐసు పరిచి, దాని మీద చేపలు సర్ది, పైన తడి గోనె కప్పి, బస్సెక్కి కూర్మన్నపాలెం జంక్షన్‌కి వచ్చేది. తట్టను చూసి కండక్టర్లు ముఖం తిప్పుకున్నా ఆమెను దింపేసే ధైర్యం ఏ ఒక్కడికీ ఉండేది కాదు. నోరు అలాంటిది. నైట్ డ్యూటీ దిగి ఇళ్లకు పోయే స్టీల్ ప్లాంట్ వాళ్లు ఆమె గొంతు విని సైకిళ్లు ఆపేవారు.

నేను దువ్వాడలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పేదాన్ని. మా ఆయన ప్లాంటులో పని చేసేవారు కాబట్టి మా కాపురం కూర్మన్నపాలెం పక్క క్వార్టర్స్‌లో. తొంభైల మధ్యలో ఆమె దగ్గర చేపలు కొనడం మొదలుపెట్టాను. బేరం ఆడితే ఊరుకునేది కాదు. "టీచరమ్మా, నీ పాటానికి నాను రేటు కడతన్నానా?" అనేది. అలా పేచీలు పడుతూనే దగ్గరయ్యాం. భర్త వీరన్న ఫిషింగ్ హార్బర్ నుంచి వెళ్లే మరబోటులో కళాసీ. ఒక్కతే కూతురు, దేవి.

రెండు వేల మూడు వేసవిలో ఒకరోజు నాకోసం చందువాలు కోస్తూ కత్తిపీట మీద వేలు తెగింది. వాళ్లకు అది మామూలే. చెంగు చుట్టింది. చెంగు తడిసింది. ఇంకో గుడ్డ చుట్టింది. చేపలు శుభ్రం చేయడం అయ్యేసరికి అదీ తడిసిపోయింది. అప్పుడే ఆమె చేతులు సరిగ్గా చూశాను. తట్ట ఎత్తేటప్పుడు అంచు ఆనే చోటల్లా కమిలి నల్లగా మచ్చలు కట్టాయి.

"ఇవేమిటి గంగాలమ్మా? ఎవరైనా కొట్టారా?"

"నన్ను కొట్టీవోడు ఇంకా పుట్నేదు. ఊరికినే వొత్తన్నాయి. పళ్లు తోముకున్నా నోట్లోంచి రగతమే."

ఆస్పత్రికి వెళ్లమంటే, మరబోట్లకు వేట నిషేధం రోజులు, మొగుడు ఇంట్లో ఖాళీగా ఉన్నాడు, తను కూడా కూర్చుంటే ఎలాగంది. ఆ వారంలోనే బస్టాపులో తట్టతో సహా కూలబడిపోయింది. ముక్కులోంచి రక్తం ఆగడం లేదు. జనం ఆటోలో ఎక్కించారు. ఒకాయన మా ఇంటికి వచ్చి చెప్తే నేనూ వెళ్లాను.

పట్నంలో ఆమెను చేర్చిన ఆస్పత్రిలో రక్త రోగాలు చూసే డాక్టరమ్మ ఒకావిడ ఉంది. పేరు జ్యోతిర్మయి. ముప్పై అయిదేళ్లుంటాయేమో. మద్రాసు అవతల ఒక పెద్ద ఆస్పత్రిలో పై చదువు చదివి అప్పుడే ఊరికి తిరిగొచ్చింది. గంగాలమ్మ తుంటి ఎముకలోంచి మూలుగ తీసి పరీక్ష చేసింది. సాయంత్రం వీరన్ననీ నన్నూ గదిలోకి పిలిచింది.

రక్తపు కేన్సరు. అందులోనూ అన్నిటికన్నా తొందరగా మనిషిని పట్టుకుపోయే రకం. ఎముక మూలుగలో తెల్లకణాలు పుడతాయి, పెరుగుతాయి, పెద్దవై రక్తంలోకి వచ్చి పని చేస్తాయి. ఈమెలో అవి పుడుతున్నాయి గానీ పెరగడం లేదు. నడుమ ఎక్కడో ఆగిపోయి, అలా ఆగిపోయినవే లక్షలుగా నిండిపోయాయి. వాటి కారణంగా రక్తానికి గడ్డకట్టే గుణం పోతోంది. మెదడులో రక్తం చిమ్మితే ఇక చేసేదేమీ లేదు. ముందు రక్తం కావాలి, ప్లేట్‌లెట్లు కావాలి, ఎంత వీలైతే అంత.

వీరన్న లేచి వెళ్లిపోయాడు. నేను భయపడ్డాను. మర్నాడు పొద్దున చూస్తే ఆస్పత్రి ముందు టెంపో వ్యానొకటి ఆగింది, దాని వెనకే ఇంకొకటి. మరబోట్లన్నీ హార్బర్‌లో కట్టేసి ఉన్న రోజులు కదా, జాలరిపేట మగాళ్లలో చాలామంది ఒడ్డునే ఉన్నారు. వలలు లాగే ఆ చేతులన్నీ వరసగా చాపారు. బ్లడ్ బ్యాంకు వాళ్లు కంగారుపడి కొద్దికొద్దిమంది రమ్మని బతిమాలారు. తుపానులో బోటు నడపడానికి కూడా జడవని ఒక సరంగు సూది చూసి కళ్లు తేలేస్తే మిగతావాళ్లు నవ్వారు. ఆ నవ్వు వార్డులో గంగాలమ్మకి వినిపించింది. "ఏటీ గోల?" అనడిగింది. చెప్తే గోడవైపు తిరిగి పడుకుంది. ఆమె కన్నీళ్లు చూడటం నాకదే మొదటిసారి.

రక్తం ఆమెను నిలబెట్టింది. కానీ రోగం అలాగే ఉంది. అప్పుడు డాక్టరమ్మ మందు సంగతి ఎత్తింది. ఆ మందు మన ఊరి షాపుల్లో దొరకదని, తను చదువుకున్న ఆస్పత్రి నుంచి తెప్పించాలని చెప్పింది. మంచం చుట్టూ మేమందరం ఉన్నాం. గంగాలమ్మ తమ్ముడు చలమయ్య కూడా వచ్చి ఉన్నాడు. అందరం ఎలా తేవాలా అని ఆలోచిస్తున్నాం. గంగాలమ్మ ఒక్కతే అసలు సంగతి అడిగింది.

"ఏటి మందది డాట్రమ్మా?"

డాక్టరమ్మ ఆమె వైపు తిరిగింది. "చూడు గంగాలమ్మా, నీ దగ్గర దాచను. అది పాషాణం."

ఆ మాటకి వీరన్న మంచం వదిలి ఇంత దూరం జరిగాడు. దానికి కారణం ఉంది. గంగాలమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఆమె మేనత్త కాంతం ఏదో గొడవలో, ఎలుకల కోసం ఇంట్లో ఉంచిన పాషాణం తిని పోయింది. ఆ చావు గంగాలమ్మ కళ్లారా చూసింది. వాళ్ల ఇంట్లో ఆ మాట తిట్టుగా కూడా వాడరు.

"ఏటమ్మా ఇది?" అన్నాడు వీరన్న. "మందియ్యమని మీకాడికి తెత్తే ఇసం ఇత్తామంటారేటి? మా ఇంట్లో ఒక మనిసి అదే తిని పోనాది."

"తెలిసి చెప్తున్నానయ్యా. ఎక్కువైతే చంపుతుంది. చాలా కొద్దిగా, నీళ్లలో కలిపి, రోజూ నరంలోకి ఎక్కిస్తే ఈ ఒక్క రోగం మీద పని చేస్తుంది. వేరే కేన్సర్ల మీద ఇంతలా పని చేయదు. దీని మీదే చేస్తుంది."

"ఎవులు సెప్పారు?" అన్నాడు చలమయ్య.

డాక్టరమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. చైనాలో ఉత్తరాన, చలి ఎక్కువగా ఉండే ప్రాంతంలో, పల్లె వైద్యులు కొందరు పాషాణం, పాదరసం, కప్ప విషం కలిపి ఒక మందు చేసేవారట. కేన్సర్‌కి అది పని చేస్తోందని పుకారు పుట్టి జనం బారులు తీరితే, దగ్గరి పట్నం ఆస్పత్రి డాక్టర్లు అదేమిటో చూసి రమ్మని కొందరిని పంపారు. వెళ్లినవాళ్లు దాన్ని నవ్వి కొట్టిపారేయలేదు. మందు పట్టుకొచ్చి, ఒక్కొక్క దినుసూ విడదీసి, దేని పని ఏమిటో ఏళ్ల తరబడి చూశారు. పాదరసం పనికిరాలేదు, కిడ్నీలు పాడు చేసింది. కప్ప విషం పనికిరాలేదు. పాషాణం నిలబడింది. తర్వాత షాంఘైలో, అమెరికాలో, మన దేశంలో కూడా పరీక్షించి చూశారు.

నేను వింటూ నిలబడిపోయాను. పాషాణమంటే ఆర్సెనిక్. ఏళ్లుగా నల్లబల్ల మీద రాస్తున్న పేరు. ఆవర్తన పట్టికలో నత్రజని కింద భాస్వరం, దాని కింద ఇది. విషపూరితం అని రాయిస్తే పిల్లలు కింద గీత గీసుకునేవారు. దీన్ని మనిషి నరంలోకి పంపి మనిషిని బతికించవచ్చునన్న ఊహ ఏనాడూ రాలేదు.

గంగాలమ్మ చాలాసేపు ఫ్యాను వైపు చూసింది. చిగుళ్ల నుంచి కారిన రక్తం పెదాల మూలల్లో ఎండిపోయి ఉంది.

"డాట్రమ్మా, టేకు సేప ఎరుగుదువా? దాని తోకలో ముల్లుంటాది. అది గుచ్చితే ఎంత మొగోడైనా సంటిపిల్లడిలాగ ఏడుత్తాడు. ఆ సేపనే మేం కూరొండుకు తింటాం. ముల్లు ఎక్కడుందో తెలిసినోలి సేతిలో పడాల, అంతే. నీకు తెలుసా, నేదా? అదొక్కటి సెప్పు."

"ఎంత ఇవ్వాలో తెలుసు. ఇచ్చాక ఏమేం జరగొచ్చో తెలుసు. నువ్వు బతుకుతావని మాత్రం మాటివ్వలేను. ఇవ్వకపోతే బతకవని చెప్పగలను."

"అబద్దం ఆడనేదు," అంది గంగాలమ్మ భర్త వైపు తిరిగి. "ఎక్కించీమని సెప్పు."

డాక్టరమ్మ ఫోన్ చేసింది. ఉత్తరం రాసిచ్చింది. చలమయ్య ఆ రోజే, ఆ ఆస్పత్రికి దగ్గరి స్టేషనైన కాట్పాడి వెళ్లే రైలెక్కాడు. ఆ ప్రయాణం గురించి అతను తర్వాత ఎన్నిసార్లు చెప్పాడో! వెళ్లేటప్పుడు ఏమీ లేదు. వచ్చేటప్పుడే మందు పెట్టె ఒళ్లో ఉంది. చెప్పుల పెట్టెంత ఉంటుంది, చుట్టూ సీలు వేశారు. దాన్ని బెర్తు కింద పెట్టలేడు, పైన పెట్టలేడు. ఎదురుగా కూర్చున్న పెద్దాయన మిఠాయా అనడిగితే, "కాదు బాబూ, మా అప్ప పేనం" అన్నాడట. పెట్టె ముట్టుకున్న చేత్తో తినడానికి భయమేసి దారంతా టీలతోనే గడిపాడు.

"ఇసం అంటే నల్లగా ఉంటాదనుకున్నాను బావా," అన్నాడు వీరన్నతో, నర్సు పెట్టె విప్పుతుంటే. గాజు గొట్టాల్లో ఉన్నది మంచినీళ్లలా తేటగా ఉంది. రంగు లేదు, వాసన లేదు.

మొదటి సీసా వేలాడదీసినప్పుడు మంచం చుట్టూ ఎవరూ కదల్లేదు. గొట్టంలో చుక్క పుట్టేది, ఆగేది, రాలేది. వీరన్న భార్య ముఖమే చూస్తున్నాడు. గంగాలమ్మ మాత్రం చుక్కను చూస్తోంది. సీసా అయిపోయింది. ఏమీ కాలేదు.

"ఏటో అనుకున్నాను. సల్లగా పాకినాది," అంది.

రోజూ సీసా, రోజూ రక్తపరీక్ష. కొన్నాళ్లకు చిగుళ్ల రక్తం తగ్గింది. మేమందరం ఊపిరి పీల్చుకున్నాం. అప్పుడు వచ్చిపడింది అసలు గండం. జ్వరం కాసింది. కాళ్లు, ముఖం ఉబ్బాయి. ఊపిరి అందక కూర్చుని ఎగపోస్తోంది. రక్తంలో తెల్లకణాలు తగ్గాల్సింది పోయి అమాంతం పెరిగిపోయాయి. ఆక్సిజన్ పెట్టారు. వీరన్న వరండాలో తల గోడకేసి కొట్టుకున్నాడు.

"నాను ముందే సెప్పాను. కాంతమత్త ఇలాగే ఉబ్బిపోనాదంట. నా నోటితో నానే ఒప్పుకున్నాను టీచరమ్మా!"

డాక్టరమ్మ ఆ రోజు ఇంటికి వెళ్లలేదు. పాషాణం ఆపించింది. వాపు తగ్గడానికి వేరే ఇంజక్షన్లు మొదలుపెట్టింది. వచ్చి వీరన్న పక్కన బల్ల మీద కూర్చుంది.

"ఇది విషం చేస్తున్న పని కాదయ్యా, అంటే అదే చేస్తున్న పని, కానీ నువ్వనుకునేలా కాదు. ఆ కణాలు చావడం లేదు. పెరుగుతున్నాయి. ఇన్నాళ్లూ ఎదగకుండా ఉండిపోయినవన్నీ ఒక్కసారి ఎదగడం మొదలుపెట్టాయి. ఒళ్లంతా తిరుగుతూ ఊపిరితిత్తుల్లోకి కూడా దూరాయి. దీన్ని దాటిస్తే ఆమె గట్టెక్కుతుంది."

వీరన్నకి ఎంత అర్థమైందో తెలియదు. నేను మాత్రం ఆ మాట దగ్గరే ఆగిపోయాను. మందంటే రోగాన్ని చంపేదనుకునేదాన్ని. దారి తప్పిన కణానికి మళ్లీ దారి చూపించే మందు కూడా ఉంటుందా? అదీ రాతిలోంచి తీసిన విషం? ఎలా చేస్తుందని అడిగాను. రెండు జన్యువులు తెగి, ఒకదానికొకటి తప్పుగా అతుక్కోవడం వల్ల ఈ రోగం వస్తుందని, ఆ అతుకు నుంచి తయారైన ప్రోటీన్ కణాన్ని ఎదగనివ్వదని, పాషాణం ఆ ప్రోటీన్‌ని నాశనం చేస్తుందని చెప్పింది. "ఎలా చేస్తుందన్నది ఇంకా పూర్తిగా ఎవరికీ తెలియదండీ. చేస్తోందని మాత్రం కళ్లతో చూస్తున్నాం," అంది. అలసిపోయిన ఆ ముఖంలో కూడా ఆశ్చర్యమే కనిపించింది.

మూడు నాలుగు రోజులు అలాగే గడిచాయి. గంగాలమ్మకి మాట్లాడే ఓపిక లేదు. ఒక మధ్యాహ్నం ఊపిరి కొంచెం కుదురుకున్నాక, ఆక్సిజన్ ముసుగు అవతల నుంచి వేలెత్తి దేన్నో చూపించింది. నర్సుకి అర్థం కాలేదు. వీరన్నకి అర్థమైంది. సీసా లేని ఖాళీ స్టాండు. మళ్లీ ఎక్కించమంటోంది.

మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి వీరన్నే సీసాను నర్సు చేతికి అందించాడు.

తర్వాత రోజులు మామూలుగా నడిచిపోయాయి. మచ్చలు పచ్చబడి, పసుపు రంగుకి వచ్చి, మాయమయ్యాయి. ఒక ఉదయం పళ్లు తోముకుని ఉమ్మి, బేసిన్ వైపు చూస్తూ అలాగే నిలబడిపోయిందట. తెల్లటి నురగ. రక్తపు జీర లేదు. దేవిని కేకేసి మరీ చూపించింది. ఆ పిల్ల ఏం చూడాలో తెలియక, "బేసినే కదే" అంది.

నడిచే ఓపిక వచ్చాక డాక్టరమ్మ ఆమెను ల్యాబులోకి తీసుకెళ్లింది. నేనూ ఉన్నాను. మైక్రోస్కోపు కింద మొదటిరోజు తీసిన మూలుగను పూసిన గాజు పలకను పెట్టి చూడమంది. గంగాలమ్మ ఒక కన్ను మూయడం రాక చేత్తో మూసుకుంది.

"ఓలమ్మో! గుడ్లు. సేప గుడ్ల లాగున్నాయి. లోపల సూదులేటి?"

నిజమే. ఊదారంగు పూసిన పెద్ద పెద్ద కణాలు, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, కొన్నింటి లోపల పుల్లల మోపుల్లా సన్నటి సూదులు. చూపు ఎటు తిప్పినా అవే. ఇంక దేనికీ చోటు లేదు.

డాక్టరమ్మ పలక మార్చింది. "ఇది నిన్న తీసింది."

ఆమె వంగి చూసింది. లేచి నాకు చోటిచ్చింది. నేను చూశాను. ఒక్కటీ ఒక్కలా లేదు. చిన్నవి, పెద్దవి, కేంద్రకం తమ్మెలు తమ్మెలుగా విడినవి, ఎర్రకణాలు పుట్టేవి, వాటి నడుమ ఇసక చల్లినట్టు ప్లేట్‌లెట్లు. జనంతో నిండిన ఒడ్డులా ఉంది. అన్ని వయసుల కణాలూ ఉన్నాయి.

"ఇదీ నానే, అదీ నానే?" అంది గంగాలమ్మ.

"రెండూ నువ్వే."

"ఆ సూదులన్నీ ఎక్కడికెలిపోనాయి?"

"చాలావరకు పెద్దవైపోయి, వాటి పని చేసుకుని, వాటి కాలం తీరి పోయాయి."

గంగాలమ్మ తన మోచేతిని, సూది దిగిన చోట్లు వరసగా ఉన్న ఆ చర్మాన్ని, అరచేత్తో మెల్లగా నిమిరింది. ఆ తర్వాత మైక్రోస్కోపుకి దణ్ణం పెట్టింది. డాక్టరమ్మ నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

తర్వాత కూడా కొన్ని నెలలు విడతలు విడతలుగా పాషాణం ఎక్కించారు. అప్పుడు మంచం మీద ఉండక్కర్లేదు, పొద్దున వచ్చి మధ్యాహ్నం వెళ్లిపోవచ్చు. ఆ రోజుల్లో కూడా సీసా అయిపోయాక సాయంత్రం కవ్వళ్లో నెత్తళ్లో ఏవో చిన్న చేపలు అమ్మేది. చలికాలం వచ్చేసరికి కూర్మన్నపాలెం జంక్షన్‌లో తన చోటుకి తను తిరిగొచ్చింది. జుట్టు కూడా ఊడలేదు. ఆమెకి కేన్సర్ వచ్చిందంటే చాలామంది నమ్మలేదు. పాషాణంతో తగ్గిందంటే అసలే నమ్మలేదు. "ఏ దేవుడికి మొక్కావు?" అని అడిగేవారు. "మొక్కాను, గంగమ్మ తల్లికీ మొక్కాను, సీనా వోలికీ మొక్కాను," అనేది.

ఆ ఏడు నేను క్లాసులో ఆర్సెనిక్ చెప్పేటప్పుడు పిల్లల చేత విషపూరితం అనే రాయించాను. అది నిజం కాబట్టి. తర్వాత సుద్దముక్క కింద పెట్టి గంగాలమ్మ గురించి చెప్పాను. గంట కొట్టినా ఒక్క పిల్లా లేవలేదు.

రోగం రెండేళ్లదాకా తిరిగి రాకపోతే ధైర్యంగా ఉండొచ్చని డాక్టరమ్మ అంది. రెండేళ్లు గడిచాయి. అయిదేళ్లు గడిచాయి. కణాల్లో ఆ తప్పు అతుకు ఉందేమోనని వెతికే పరీక్ష చేయించారు. లేదు. దేవి నర్సింగులో చేరింది.

రెండు వేల తొమ్మిదిలో, ఒకరోజు నేను చేపలు తీసుకుంటుంటే డాక్టరమ్మ నుంచి గంగాలమ్మ సెల్‌కి ఫోన్ వచ్చింది. శృంగవరపుకోట వైపు నుంచి తవిటయ్య అనే రైతు వచ్చాడట. అదే రోగం. మందు పేరు వినగానే ఇంటికి తీసుకుపొమ్మని మంకుపట్టు పట్టాడట. గంగాలమ్మ తట్టతో సహా ఆటో ఎక్కింది. నన్నూ రమ్మంది.

తవిటయ్య దుప్పటి మెడదాకా లాక్కుని పడుకుని ఉన్నాడు. భార్య తాయారు కాళ్ల దగ్గర కూర్చుంది. గంగాలమ్మ వార్డులోకి వెళ్తే ఆమె కన్నా ముందు చేపల వాసన వెళ్లింది. తట్టను గుమ్మం పక్కన దింపి మంచం అంచున కూర్చుంది.

"ఏటి బాబూ, బయమేత్తందా?"

"పాసానం అంతన్నారు."

"అవును, పాసానమే. నా ఒంట్లోకి ఎన్ని సీసాలు ఎక్కించారో నాకే గురుతు నేదు." రెండు చేతులూ అతని ముఖం ముందు చాపింది. నరాలు తేలి, పొలుసులు అంటుకుని, తట్ట మోసి మోసి కాయలు కాసిన చేతులు. "సూడు. ముట్టుకో. మద్దిలో ఊపిరాడదు, సచ్చిపోతన్నాననుకుంతావు. అప్పుడు బయపడకు. ఒంట్లోవి పెద్దవుతన్నాయని అర్దం."

తవిటయ్య ఆ చేతులకేసి చూశాడు. వేలితో ఒకసారి తాకాడు, వేడిగా ఉన్నాయో లేదో చూసినట్టు. తాయారు చెంగు నోట్లో కుక్కుకుంది. ఆఖరికి అతను దుప్పటి తీసి, డాక్టరమ్మ వైపు చెయ్యి చాపాడు.

సీసా వేలాడదీశారు. చుక్క పుట్టింది, ఆగింది, రాలింది. గంగాలమ్మ ఆ చుక్కను ఆరేళ్ల కిందట చూసినట్టే చూస్తోంది. ఆమె ముఖంలో భయం లేదు. చంటిపిల్ల మొదటిసారి సముద్రాన్ని చూసేటప్పుడు ఉంటుందే, ఆ చూపు. గుమ్మం దగ్గర తట్ట కింద నుంచి నీళ్లు కారుతుంటే వార్డు ఆయా వచ్చి గొణిగింది.

"అయ్యో, నా ఐసు!" అని లేచింది గంగాలమ్మ. తట్ట నెత్తికెత్తుకుని, "రేపొత్తాను బాబూ, కానాగంతల పులుసు తెత్తాను, డాట్రమ్మ ఒప్పుకుంటేనే," అంటూ మెట్లు దిగిపోయింది.